ఆర్థిక సుస్థిరత: నిర్వచనం, కొలతలు (చంద్రపూర్‌లోని బాబుపేట్ ఉదాహరణగా)

ఆర్థిక సుస్థిరత అంటే ఒక ఆర్థిక వ్యవస్థ తనకు రాబడినిచ్చే మూలాన్ని కరగదీసుకోకుండా సాగిపోగలగడం. మూలంలో డబ్బుతో పాటు నేల, నీరు, ఖనిజం, అడవి, యంత్రాలు, రోడ్లు, మనుషుల ఆరోగ్యం, చదువు, ఒకరి మీద ఒకరికున్న నమ్మకం కూడా చేరతాయి. విత్తనపు వడ్లు దంచుకు తిన్న ఇంట్లో ఆ పూటకు అన్నం ఉంటుంది, వచ్చే ఏటికి పైరు ఉండదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న సామెత చెప్పేదీ ఇదే. ఆర్థికశాస్త్రంలో దీనికి దగ్గరగా వచ్చే నిర్వచనం జాన్ హిక్స్ 1939లో ‘వాల్యూ అండ్ క్యాపిటల్’ అనే పుస్తకంలో ఇచ్చాడు. వారం మొదట్లో ఎంత కలిగి ఉన్నామో వారాంతానికీ అంతే కలిగి ఉంటూ ఎంత ఖర్చు పెట్టుకోగలమో అదే మన ఆదాయం. అంతకు మించి వాడుకున్నది ఆదాయం కింద రాదు, ఆస్తి అమ్మకం కింద వస్తుంది. ఐక్యరాజ్యసమితి నియమించిన బ్రంట్‌లాండ్ కమిషన్ 1987లో దీన్నే తరాల భాషలో చెప్పింది: రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా ఈ తరం తన అవసరాలు తీర్చుకోవాలి.

ఈ నిర్వచనాలను కాదనేవారు లేరు. కొలత దగ్గరకొచ్చేసరికి తగాదా మొదలవుతుంది. కొలవాలంటే ముందు ఎవరి పద్దు రాస్తున్నామో తేల్చుకోవాలి. దేశం పద్దులో లాభంగా కనిపించేది జిల్లా పద్దులో నష్టంగా తేలవచ్చు, ఒక ఇంటి పద్దులో మళ్లీ లాభం కావచ్చు. అందుకే ఈ వ్యాసం ఒక పేటను దగ్గర పెట్టుకుని కొలమానాలను పరిశీలిస్తుంది.

బొగ్గు మీది పేట

మహారాష్ట్రలోని చంద్రపూర్ నగరపు దక్షిణ భాగంలో, బల్లార్షా వైపు పోయే రైలు దారి వెంట బాబుపేట్ ఉంది. పక్కనే లాల్‌పేట్ గనులు. బల్లార్షా దాటితే అదే పట్టాల మీద కాగజ్‌నగర్, మంచిర్యాల, కాజీపేట. బాయి (గని) పనికని ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ దారే పుట్టింటి దారి. చైత్రంలో మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి యాత్రికులు వచ్చేదీ ఈ దారినే. నిజానికి ఈ ప్రాంతంలో తెలుగు మరీ కొత్తది కాదు. వార్ధా నది ఆవలి రాజురా తాలూకా 1956లో రాష్ట్రాల పునర్విభజన దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. భూమి కింద చూస్తే బంధుత్వం ఇంకా పాతది. వార్ధా లోయ బొగ్గూ, సింగరేణి బొగ్గూ ఒకే గోండ్వానా శిలల వరుసలోవి.

చంద్రపూర్ జిల్లాలో బొగ్గు తవ్వకం కొత్తగా వచ్చింది కాదు, గని మూతపడటమూ కొత్త కాదు. వరోరాలో బ్రిటిష్ ప్రభుత్వం 1871లో గని తెరిచింది. దానికోసం వార్ధా నుంచి ప్రత్యేకంగా రైలు మార్గం వేసింది. 1906లో ఆ గని మూతపడింది. ఒక ఊరి ఉపాధి ముప్పై అయిదేళ్లలో వచ్చి వెళ్లిపోయింది. ఆ వరోరా దగ్గరే 1949లో బాబా ఆమ్టే కుష్ఠు రోగుల కోసం ఆనందవనం మొదలుపెట్టారు. రాళ్ల నేలను వ్యాధిగ్రస్తులే సాగులోకి తెచ్చుకున్నారు. గని 35 ఏళ్లు నడిచింది. ఆనందవనం 75 ఏళ్లు దాటి నడుస్తోంది. రెంటికీ పోలిక పెట్టడం సబబు కాదని అనేవారుంటారు. కానీ సుస్థిరత అంటే ఏమిటని పిల్లలు అడిగితే వరోరా తీసుకెళ్లి చూపించడం కంటే సులువైన దారి లేదు.

1973 జాతీయకరణ తర్వాత ఇక్కడి గనులు కోల్ ఇండియా అనుబంధ సంస్థ వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ కిందికి వచ్చాయి. 1980లలో ఇక్కడి దుర్గాపూర్ దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం లేచింది. పాత యూనిట్లు రెండు పోయి కొత్తవి రెండు వచ్చాక దాని సామర్థ్యం 2,920 మెగావాట్లు. యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు లెక్కేసుకుంటే, పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజు అది దాదాపు 49 వేల టన్నులు కాలుస్తుంది. భారతీయ బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే కాబట్టి ఆ రోజు 16 వేల టన్నులకు తక్కువ కాకుండా బూడిద మిగులుతుంది. కరెంటు ముంబై, పుణె వరకు పోతుంది. బూడిదలో కొంత చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలకు వెళ్తుంది. మిగతాది ఇక్కడే ఉంటుంది.

దండెం మీది బట్టలు

స్థూల దేశీయోత్పత్తి, అంటే జీడీపీ, ఒక ఏడాదిలో జరిగిన ఉత్పత్తి విలువను కూడుతుంది. దానికి పునాది వేసిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే, ఒక జాతి సంక్షేమాన్ని జాతీయాదాయపు అంకెతో ఊహించుకోలేమని అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో హెచ్చరించాడు. ఆ హెచ్చరికను పక్కన పెట్టి అంకెనే పట్టుకున్నాం.

గని పక్క పేటలో పొద్దున ఉతికి దండెం మీద ఆరేసిన తెల్ల చొక్కాను సాయంత్రం తీసేటప్పుడు దులపాలి. దండెం తీగను వేలితో తుడిస్తే వేలు నల్లబడుతుంది. చొక్కా మళ్లీ ఉతికితే సబ్బు అదనం. గోడకు రెండేళ్లకోసారి సున్నం, పిల్లాడి దగ్గుకు డాక్టర్ ఫీజు, నీళ్ల శుద్ధి యంత్రం. ఇవన్నీ జీడీపీలో కూడికలే. దుమ్ము లేని ఊళ్లో ఇవేవీ అవసరపడవు కాబట్టి ఆ మేరకు ఆ ఊరు జీడీపీలో వెనకబడినట్టు. ఇలాంటివాటిని ఆర్థికవేత్తలు రక్షణ ఖర్చులంటారు. ఉన్న స్థితి చెడకుండా నిలుపుకోవడానికి పెట్టే ఖర్చు ఇది. దీనివల్ల బతుకు మెరుగైందేమీ లేదు. జీడీపీ ఎలా దారి తప్పిస్తుందో చెప్పడానికి చంద్రపూర్ జిల్లాలోనే మరో ఉదాహరణ ఉంది. 2015లో ఇక్కడ మద్యనిషేధం పెట్టారు, 2021లో ఎత్తేశారు. షాపులు తెరిచిన రోజున జిల్లా ఉత్పత్తి లెక్క పెరిగే ఉంటుంది. ఇళ్లలో ఏం పెరిగిందో ఆ లెక్క చెప్పదు.

అసలు లోపం ఇంకొకటుంది. టన్ను బొగ్గు తవ్వి అమ్మితే వచ్చిన సొమ్మంతా రాబడిలో పడుతుంది. భూమిలో టన్ను తగ్గిన సంగతి ఎక్కడా పడదు. కిరాణా కొట్టులో సరుకు అమ్మిన డబ్బునంతా లాభమని రాసుకునే వ్యాపారి ఎన్నాళ్లు నిలుస్తాడు?

తరుగు తీసిన లెక్కలు

ఈ లోపాన్ని సరిచేసే ప్రయత్నాల్లో ప్రపంచ బ్యాంకు దేశాలవారీగా వెలువరించే సవరించిన నికర పొదుపు బాగా తెలిసింది. 1990లలో డేవిడ్ పియర్స్, గైల్స్ అట్కిన్సన్ దీనికి దారి వేశారు. లెక్క ఇలా సాగుతుంది: దేశపు స్థూల పొదుపు తీసుకుని, యంత్రాల అరుగుదల తీసేసి, చదువు మీద పెట్టిన ఖర్చును పెట్టుబడిగా కలిపి, తవ్వేసిన ఇంధనం, ఖనిజం, నరికిన అడవి విలువనూ కర్బన ఉద్గారాల, ధూళి కాలుష్యపు నష్టాన్నీ తీసేస్తారు. మిగిలింది ఏటా రుణాత్మకంగా ఉంటే ఆ దేశం ఆస్తి అమ్ముకు బతుకుతోందని అర్థం. పార్థ దాస్‌గుప్తా వంటివారి ఆలోచనలతో 2012 నుంచి ఐరాస సంస్థలు వెలువరిస్తున్న సమగ్ర సంపద నివేదికలూ ఈ దారిలోవే. మన దేశంలోనూ దాస్‌గుప్తా అధ్యక్షతన ఒక నిపుణుల బృందం 2013లో హరిత జాతీయ లెక్కలపై నివేదిక ఇచ్చింది. 2018 నుంచి కేంద్ర గణాంక శాఖ ‘ఎన్విస్టాట్స్’ పేరుతో పర్యావరణ లెక్కలు ప్రచురిస్తోంది.

ఈ లెక్కల వెనక 1977లో జాన్ హార్ట్‌విక్ ప్రతిపాదించిన ఒక సూత్రం ఉంది. తరిగిపోయే వనరు నుంచి వచ్చే మిగులునంతా మరో రకం ఆస్తిగా మార్చి నిలుపుకుంటే, వనరు తరిగినా వినియోగం తగ్గక్కర్లేదు. నార్వే తన చమురు సొమ్మును 1990లో చట్టం చేసి నిధిగా మార్చింది. ఏటా దాని విలువలో సుమారు 3 శాతమే బడ్జెట్‌కు తీసుకునే నియమం పెట్టుకుంది. నౌరు ద్వీపం ఫాస్ఫేట్‌ను తవ్వి అమ్మింది, ఒకప్పుడు తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరసలో నిలిచింది, నిధినీ పోగొట్టుకుంది, నేలనూ పోగొట్టుకుంది.

ఎంత దాచాలన్నది 1989లో సలా ఎల్ సెరాఫీ అనే ఈజిప్టు ఆర్థికవేత్త తేలికైన లెక్కగా చెప్పాడు. గని ఇంకా ఎన్నేళ్లు నడుస్తుంది, దాచిన డబ్బుకు వడ్డీ ఎంత అన్న రెండు అంకెలు చాలు. గనికి ఇంకా 30 ఏళ్లుండి, వడ్డీ 5 శాతమైతే, ఖర్చులు పోను వచ్చిన ప్రతి 100 రూపాయల్లో 22 రూపాయలు దాచాలి. 78 రూపాయలు నిజమైన ఆదాయం, తినొచ్చు. అదే గనికి పదేళ్లే మిగిలి ఉంటే 58 రూపాయలు దాచాలి, తినదగ్గది 42 మాత్రమే. గని ముసలిదయ్యే కొద్దీ పొదుపు పెరగాలన్నమాట. జరిగేది సాధారణంగా తలకిందులు. గని చివరి ఏళ్లలో జీతాలు, పింఛన్లు, అప్పులు మీద పడి దాచేందుకు చేయి రాదు.

మార్చుకోలేనివి

పై లెక్కలన్నిట్లో ఒక నమ్మకం దాగుంది: బొగ్గు పోయినా, నది పోయినా, దాని బదులు ఫ్యాక్టరీయో చదువో ఉంటే చాలు, మొత్తం విలువ తగ్గకపోతే సరి. దీన్ని బలహీన సుస్థిరత అంటారు. హెర్మన్ డేలీ తదితరులు దీన్ని ఒప్పుకోలేదు. చేపలు లేకపోతే ఎన్ని పడవలున్నా ఏం లాభమని అడిగాడు డేలీ. ఆయన 1990లో మూడు షరతులు పెట్టాడు. తిరిగి పుట్టే వనరును అది పుట్టే వేగం మించి వాడకూడదు. వ్యర్థాలను ప్రకృతి ఇముడ్చుకోగలిగిన దానికి మించి వదలకూడదు. తరిగిపోయే వనరును, దాని స్థానంలోకి మరో తరగని వనరు వచ్చే వేగానికి మించి వాడకూడదు. ఇది బలమైన సుస్థిరత. విలియం రీస్, మాథిస్ వాకర్‌నాగెల్ 1990లలో ఇచ్చిన పర్యావరణ పాదముద్ర, 2009లో యోహాన్ రాక్‌స్ట్రామ్ బృందం గీసిన తొమ్మిది భూగ్రహ హద్దులు ఈ కోవలోవి. వీటిలో రూపాయి కనిపించదు, హెక్టార్లు, టన్నులు, డిగ్రీలు కనిపిస్తాయి.

రెండో షరతు విషయంలో చంద్రపూర్‌కు లిఖితపూర్వక తీర్పే ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు గాలి, నీరు, నేల కలిపి సమగ్ర కాలుష్య సూచిక కట్టింది. 70 దాటితే తీవ్ర కలుషిత ప్రాంతం. చంద్రపూర్‌కు 83.88 వచ్చింది. అంక్లేశ్వర్, వాపి, ఘాజియాబాద్ తర్వాత నాలుగో స్థానం. 2010లో కొంతకాలం కొత్త పరిశ్రమలకు అనుమతులు ఆపేశారు. 2018లో మళ్లీ లెక్క కట్టినప్పుడు కూడా ఈ ప్రాంతం 70 కిందికి దిగలేదు. జీడీపీలో కనిపించని సంగతి ఈ ఒక్క అంకెలో కనిపించింది.

మొదటి షరతుకు నీరే పరీక్ష పెట్టింది. 2010 ఎండాకాలంలో ఇరై జలాశయం అడుగంటి థర్మల్ కేంద్రం యూనిట్లు ఆపాల్సి వచ్చింది. బొగ్గు గుట్టలుగా ఉంది, యంత్రాలున్నాయి, ఇంజనీర్లున్నారు, నీళ్లు లేవు. నీటికి బదులు ఇంకో మూలధనం పెట్టి టర్బైన్ తిప్పడం కుదరలేదు. నగరానికి ఉత్తరాన 1,727 చదరపు కిలోమీటర్ల తాడోబా–అంధారి పులుల అభయారణ్యం ఉంది. బొగ్గు పొరలు ఆ అడవి వైపు కూడా పరుచుకున్నాయి. లోహారా దగ్గర తలపెట్టిన ఓపెన్ కాస్ట్ గని జనం ఆందోళన తర్వాత ఆగిపోవడం, ఆ ఒక్కచోట బలమైన సుస్థిరత గెలిచినట్టు.

ఈ వాదాన్ని డేలీ కంటే నలభై అయిదేళ్ల ముందే, చంద్రపూర్ పక్క జిల్లాలో పనిచేసిన ఒక మనిషి రాశాడు. ఆ మనిషి జె.సి. కుమారప్ప. వృత్తిరీత్యా లెక్కల తనిఖీదారు, కొలంబియాలో చదువుకున్నవాడు, 1934 నుంచి వార్ధా మగన్‌వాడీలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘాన్ని నడిపినవాడు. 1945లో అచ్చయిన ‘ఎకానమీ ఆఫ్ పర్మనెన్స్’ ఆయన పుస్తకం. బొగ్గు, పెట్రోలు వంటివి తొట్టిలో నిలవ ఉన్న నీళ్లలాంటివని, పారే నది, పెరిగే అడవి కలప తరగనివని ఆయన విడదీశాడు. తొట్టి మీద ఆధారపడిన ఆర్థిక వ్యవస్థ తొట్టి కోసం కొట్టుకోక తప్పదన్నాడు. సుస్థిరత సిద్ధాంతాల చరిత్ర రాసేవారు ఆయన్ను గాంధేయుల గదిలో పెట్టేసి తలుపు వేస్తారు. లెక్కల మనిషి అన్నది మరిచిపోతారు.

ఒకే కొమ్మ మీద నాలుగు గూళ్లు

మూలధనం తరగకున్నా వ్యవస్థ కూలిపోవచ్చు. రాబర్ట్ ఉలనోవిచ్ అనే జీవావరణ శాస్త్రవేత్త అడవుల్లో, చిత్తడి నేలల్లో ఆహారం ఎవరి నుంచి ఎవరికి పారుతోందో లెక్కగట్టి, ఆరోగ్యంగా ఉన్న వ్యవస్థలు సామర్థ్యానికీ వెసులుబాటుకీ మధ్య ఒక ఇరుకు పరిధిలో నడుస్తాయని చూపాడు. దారులు తగ్గి అంతా ఒకే దారిలో వేగంగా పారితే సామర్థ్యం పెరుగుతుంది, ఆ దారి మూసుకుపోతే వ్యవస్థ కూలుతుంది. దారులు మరీ ఎక్కువైతే పని సాగదు. శాలీ గోర్నర్, బెర్నార్డ్ లియేటర్లతో కలిసి ఆయన 2009లో ఈ కొలతను ఆర్థిక వ్యవస్థలకు అన్వయించాడు.

బల్లార్షా దాటాక వచ్చే కాగజ్‌నగర్ దీనికి ఉదాహరణ. ఊరి పేరే కాగితం. సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయింది, 2018లో మరో యాజమాన్యం చేతిలో తెరుచుకుంది. ఆ నాలుగేళ్లు ఊరికి రెండో దారి లేకపోయింది. చంద్రపూర్ దీనికంటే మెరుగనిపిస్తుంది: గనులు, కరెంటు, సిమెంటు, బల్లార్‌పూర్ కాగితం, పులుల పర్యాటకం. జాగ్రత్తగా చూస్తే కరెంటుకు బొగ్గు కావాలి, సిమెంటుకు బొగ్గూ బూడిదా కావాలి, కాగితానికి ఆవిరి కోసం బొగ్గు కావాలి, అన్నిటికీ వార్ధా, ఇరై నీళ్లు కావాలి. అయిదు గూళ్లలో నాలుగు ఒకే కొమ్మ మీద ఉన్నాయి. పర్యాటకం ఒక్కటే వేరే చెట్టు, దాని జీతాలు గని జీతాల దరిదాపులకు రావు.

సింగరేణి అంకెలు సామర్థ్యానికీ సుస్థిరతకూ తేడా చూపుతాయి. 1990ల మొదట్లో అక్కడ లక్షకు పైగా కార్మికులు, ఏటా దాదాపు 2 కోట్ల టన్నుల బొగ్గు. 2023–24లో 7 కోట్ల టన్నులు, ఉద్యోగులు 40 వేల చుట్టూ. ఓపెన్ కాస్టులతో మనిషికి పడే టన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. బొగ్గు త్వరగా అయిపోతోంది, దాని మీద బతికే ఇళ్లు తగ్గుతున్నాయి.

ఎవరి పద్దు

బాబుపేట్‌లాంటి పేటలో ఒక బాయి కార్మికుడి ఇల్లు చూడండి. ముప్పై ఏళ్లు షిఫ్టులు చేశాడు, పీఎఫ్ డబ్బుతో రెండు గదులు వేసుకున్నాడు, కూతుర్ని ఇంజనీరింగ్ చదివించాడు. హార్ట్‌విక్ పేరు ఆయన వినలేదు కానీ బొగ్గును చదువుగా మార్చాడు. ఇంటి పద్దు ప్రకారం ఇది సుస్థిరతే. ఆ అమ్మాయి ఉద్యోగానికి పుణెకో హైదరాబాద్‌కో వెళ్లింది. దేశం పద్దులో మానవ మూలధనం పెరిగింది. పేట పద్దులో బొగ్గూ పోయింది, అమ్మాయీ పోయింది, ధూళి మిగిలింది. ఒకే కుటుంబం, ఒకే సంవత్సరం, మూడు గీతలు గీస్తే మూడు జవాబులు. సుస్థిరతను జాతీయ సగటుగా చెప్పే కొలమానాలన్నిటికీ ఈ గుడ్డితనం ఉంది. ముంబైలో వెలిగే దీపం పాదముద్ర చంద్రపూర్‌లో పడుతుంది.

పద్దులో అప్పుల పేజీ కూడా రాయాలి. 2022 ఆగస్టులో జిల్లాలోని ఘుగ్గుస్ అమరాయి వార్డులో ఒక ఇల్లు నేలలోకి కుంగిపోయింది. కింద ఉన్నది పాత భూగర్భ గని. ఆ గని బొగ్గు అమ్మిన ఏడాది ఈ ఇంటి విలువను ఎవరూ తీసివేయలేదు. 2009లో బొగ్గు మంత్రిత్వ శాఖ గని మూసివేతకు ముందుగానే డబ్బు జమ చేయాలని నియమం పెట్టింది. ఆనాటి ధరల్లో ఓపెన్ కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష రూపాయలు. అంతకుముందే వదిలేసిన గనులకు అలాంటి ఖాతాలు లేవు.

స్థానిక పద్దుకు దగ్గరగా వచ్చిన ఏర్పాటు 2015లో గనుల చట్టాన్ని సవరించి తెచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్. బొగ్గుపై రాయల్టీ ధరలో 14 శాతం. ఈ సవరణకు ముందరి పాత లీజుల మీద ఆ రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము అదనంగా ఆ జిల్లా ఫౌండేషన్‌కు చేరుతుంది. దాంతో తాగునీరు, ఆసుపత్రులు, బడులు, రోడ్లు చేపడతారు. అవసరమైనవే, కాదనలేం. కానీ ఏ ఏటికాయేడు ఖర్చయ్యే డబ్బు హార్ట్‌విక్ చెప్పిన నిధి కాదు. గని ఆగిపోయాక జీవనోపాధికని విడిగా దాచుకునే భాగానికి 2024 మార్గదర్శకాలు పెట్టిన గరిష్ఠ పరిమితి వార్షిక వసూళ్లలో 10 శాతం. లెక్క కడితే, పాత లీజు గని నుంచి 100 రూపాయల బొగ్గు అమ్ముడైనప్పుడు ఫౌండేషన్‌కు చేరేది 4 రూపాయల 20 పైసలు. అందులో గని అయిపోయిన రోజు కోసం దాచుకోవడానికి అనుమతి ఉన్నది ఎక్కువలో ఎక్కువ 42 పైసలు.